షౌకత్ బీ మేకపోతు, సర్కారు తుమ్మ మండలు

మా గల్లీల షౌకత్ బీని మోసం జేసుడు అంత ఆసాన్ గాదు. పత్తర్‌గట్టి దుకాణాలకు జరీ అంచులు కుట్టి బతికే మనిషి. కొలతల వేలెడు తక్కువైనా పట్టుకుంటది. గసుంటామెకు మేకల మేత మండలమ్మే పెంటయ్య, నల్లతుమ్మ అని చెప్పి మేక తినని సర్కారు తుమ్మ అంటగట్టిండని తెలిసి నా ఒళ్లు మండిపోయింది.

పోలీస్ యాక్షన్ అయినంక ఐదారేండ్లకు జరిగిన సంగతి. ఆమె మొగడు పోయిండు, పిల్లలు లేరు. మరిది జలాలుద్దీన్ ఒక మేకపిల్లను తెచ్చిచ్చిండు. "జర సాదు భాభీ, వచ్చే బక్రీద్‌కు కుర్బానీ ఇస్త" అన్నడు. అది ఆమె కుట్టుపని పక్కన్నే పండేది. నమాజుకు ఆమె లేస్తే అదీ లేచేది.

బక్రీద్ దగ్గరికొస్తుంటే పోతు చిక్కబట్టింది. ఎన్నుపూస బయటపడ్డది. గల్లీల అందరు దిష్టి అన్నరు. నేను పోయి చూసిన. గంజి మీద బతుకుతున్నది, ముందర మండలు ఏసినయి ఏసినట్టే ఉన్నయి. ఒకటి తీసి చూస్తే సర్కారు తుమ్మ. మూసీ ఒడ్డున నల్లతుమ్మ, సర్కారు తుమ్మ పక్కపక్కనే పెరుగుతయి, దూరంకెళ్లి ఒక్కతీరుగనే కనవడతయి. సర్కారు తుమ్మ కాయలు తింటది గని, మేక దాని ఆకు ముట్టదు.

మండలమ్మే పెంటయ్యను గల్లీ మొదట్లనే పట్టుకున్న. "మొగడు లేని మనిషంటే అలుసైందారా నీకు? నోరులేని జీవం కడుపు ఎండబెడతవా?"

"జర వినున్రి కోమలవల్లమ్మా. నేను మేతకు నల్లతుమ్మ, పొయిలకు సర్కారు తుమ్మ రెండూ తెస్త. ఆమెనే ఆకు తడిమి తడిమి సర్కారు తుమ్మ ఏరుకుంటది. మేక తినదని చెప్పిన గూడ."

బక్కచిక్కిన జీవం కుర్బానీకి చెల్లదని మా గల్లీల అందరికీ ఎరుకే.

సక్కగ ఆమింటికే పోయిన. "కోస్తరని భయపడి కడుపు మాడుస్తున్నవా? మీ పండుగ మీది, దాన్ని నేనేమంటలే. కోసెటోడు ఒక్కపారే కోస్తడు, నువ్వు రోజూ కోస్తున్నవ్. వద్దని మరిదికి చెప్పరాదు?"

"వాని జీవం, కోమలమ్మా. ఏం మొకం పెట్టుకొని వద్దంట?" అని తల ఎత్తకుండ కుట్టుకుంటనే ఉంది. నాకింకా మండింది.

పండుగ ముందు జలాలుద్దీన్ వచ్చిండు. నా తిట్లకు భయపడి పెంటయ్య ఆ పొద్దున నల్లతుమ్మ కట్ట ఇచ్చిపోతే ఆమె లోపల దాచింది. జలాలుద్దీన్ పోతు ఎన్ను నిమిరి చూసిండు. చెడ్డోడు గాదు, ఒక్క మాట గట్టిగ అనలే. "ఫికర్ చెయ్యకు భాభీ. ఈసారి వేరేది కొంట. దీన్ని నా దగ్గర మేపుత, వచ్చే బక్రీద్‌కు తయారైతది" అని తాడు విప్పిండు.

"గీడనే ఉండనియ్యరాదా" అని నేను అందుకుంటే షౌకత్ బీ నా చెయ్యి పట్టి ఆపింది. లోపటికి పోయి రెండు తీర్ల రెమ్మలు తెచ్చింది.

"చూడు జలాల్. కాడకు ఒకటో రెండో జతల రెక్కలుండి, ఆకు పొడుగ్గ, ఎడంగ ఉంటే సర్కారు తుమ్మ. గది కొనకు. గిట్ల రెక్కలు ఎక్కువుండి, ఆకు సన్నగ, ఒత్తుగ ఉండేదే నల్లతుమ్మ. గదే తింటది. చేత్తోని పెట్టాలె."

నల్లతుమ్మ రెమ్మ వాని చేతికిచ్చింది. పోతు ఎన్నాళ్ల ఆకలి మీదుందో, ఆ రెమ్మ కొరుక్కుంట, వాని చెయ్యి నాకుకుంట, ఎనుకకు చూడకుండ వాని ఎంబడి పోయింది.