కోమా ట్రాక్

2017 వేసవిలో ఒక ఛానల్ తన మధ్యాహ్నం ఒంటిగంటన్నర స్లాట్‌ను నా డైలీ సీరియల్‌కు ఇచ్చింది. అప్పటికి ఈ రంగంలో నాకు జుట్టు నెరిసింది. మొదట తెర మీద పేరు పడని మాటల రచయితగా పనిచేశాను. తర్వాత కొన్నేళ్ళు ప్రభుత్వ శాఖలకు డాక్యుమెంటరీలు తీశాను. చివరికి కథా నాదే, నిర్మాణమూ నాదే అనే స్థితికి వచ్చి, కార్ఖానా ఏరియాలో ఒక చిన్న ఆఫీసు తీసుకుని, స్వతంత్ర నిర్మాత అని బోర్డు పెట్టుకున్నాను. ఆ స్వతంత్రం ఎంత లావుగా ఉంటుందో కొత్తగా వచ్చే పిల్లలు అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

పని ఇలా జరిగేది. రాబోయే వారం కథను సీనుకు ఒక వాక్యం చొప్పున రాసి ఛానల్‌కు పంపాలి. దాన్ని వన్‌లైన్ అంటారు. ఛానల్ తరఫున సీరియల్ బాధ్యత చూసే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్, మా మాటల్లో ఈపీ, సరే అంటేనే షూటింగ్. ప్రసారానికి రెండు వారాల ముందు నడుస్తూ ఎపిసోడ్లు తీసి నిల్వ పెట్టుకోవాలి. ఆ నిల్వకు బ్యాంక్ అని పేరు. బ్యాంక్ తరిగితే ఈపీకి నిద్ర పట్టదు, నాకూ పట్టనివ్వడు.

బొల్లారంలో ఒక పాత బంగళా అద్దెకు తీసుకుని షూటింగ్ చేసేవాళ్ళం. కథలో ఇంటిపెద్ద రాఘవయ్య తాత. ఆ వేషం వేసింది ఖాజా మొయినుద్దీన్ గారు. సీతాఫల్‌మండిలో కాపురం, నాటకాల్లో నలిగిన మనిషి. నుదుట విభూతి దిద్దుకుని పడక్కుర్చీలో కూర్చుంటే అచ్చం మన పక్కింటి పెద్దాయనే. కూరగాయలకు వెళితే ఆడవాళ్ళు ‘తాతగారూ, ఆ చిన్నకోడల్ని నమ్మకండి’ అని హెచ్చరించి పంపేవారు. మేమంతా ఖాజా సాబ్ అనేవాళ్ళం.

ఆ చలికాలం ఆయన గొంతు బొంగురుపోయింది. మందులు వాడారు, తగ్గలేదు. పరీక్షల్లో గొంతు క్యాన్సర్ అని తేలింది. ఒకరోజు భోజనాల వేళ మేకప్ గది తలుపు దగ్గరగా వేసి ఆ మాట నాకు చెప్పారు. చెప్పి, తన వైద్యం ఊసెత్తలేదు, తాత పాత్ర గురించి అడిగారు.

“నన్ను జెర చంపకుండ్రి సార్. ఫోటోకు దండ పడ్డదంటె ఖతమే. ఇగ మళ్ల ఎవ్వరు పిలువరు. కోమాల పెట్టుండ్రి. మాటలుండయి, పండుకునుడే గదా. తబియత్ మంచిగైనంక లేస్తా.”

ఆర్టిస్టు పనికి రాలేని పరిస్థితి వస్తే ఛానళ్ళు ఒప్పుకునే దారులు మూడు. వేషం మరొకరికి ఇచ్చి, ఇతని బదులు ఇతను అని తెర మీద వేయడం ఒకటి. పాత్రను చంపేయడం రెండోది. మనిషి తిరిగొస్తాడన్న ఆశ ఉంటే కోమాలో పెట్టడం మూడోది. నాకూ అదే సబబనిపించింది. తాత మెట్ల మీది నుంచి జారిపడ్డట్టు వన్‌లైన్ రాశాను. జబ్బు సంగతి బయటికి పొక్కితే తనను ఎవరూ పిలవరని ఖాజా సాబ్ భయం, అందుకని ఛానల్‌కు చెప్పలేదు.

బంగళాలో వెనక గదిని ఆసుపత్రి చేశాం. ఇనుప మంచం, సెలైన్ సీసా, పచ్చగీత కదిలే మానిటర్. వైద్యానికి అడ్డం రాని రోజు చూసుకుని ఆయన వచ్చి పడుకునేవారు. ఆ ఒక్కరోజులో రకరకాల కోణాల్లో తీసుకుని, చాలా ఎపిసోడ్లకు సర్దుకునేవాళ్ళం. కీమో షురూ అయ్యాక మనిషి సగమయ్యారు. కళ్ళు గుంటలు పడ్డాయి, కణతలు తేలాయి. మా మేకప్ మ్యాన్ బ్రష్ పట్టుకుని కాసేపు చూసి, ఏమీ వేయకుండా పక్కకు తప్పుకున్నాడు.

రేటింగ్ పెరిగింది. ఈపీ ఫోన్ చేశాడు. మంచి కుర్రాడే, మర్యాదగానే మాట్లాడేవాడు.

“సార్, తాతగారి లుక్ సూపర్. చాలా నాచురల్‌గా ఉంది. క్లోజప్స్ పెంచుదాం.”

నాకు ఒళ్ళు మండింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట వెనకటికొకడు. ఇతగాడికి ఇల్లు కాలుతున్న సంగతే తెలియదు కదా అని తమాయించుకుని, ఉన్న విషయం చెప్పేశాను. పైవాళ్ళతో మాట్లాడి చెబుతానని ఫోన్ పెట్టేశాడు. మర్నాడు, తన పైఅధికారి ప్రోగ్రామింగ్ హెడ్ తీసుకున్న నిర్ణయం నాకు చేరవేశాడు. ఆర్టిస్టు త్వరగా కోలుకోవాలని ఛానల్ కోరుకుంటోంది. కోమా ట్రాక్ మాత్రం మనవరాలి పెళ్ళి దాకా సాగాలి.

ఇంతలో డాక్టర్లు పెదవి విరిచి, ఆసుపత్రిలో చేరమన్నారు. ఇక పాత్రను చంపేసి ఆయన్ను విడిపించాలని నేను నిశ్చయించుకున్నాను. ఛానల్‌తో గొడవ పడే ముందు ఆయనకు చెప్పడం ధర్మమని సీతాఫల్‌మండి వెళ్ళాను. ఖాజా సాబ్ గోడకు ఆనుకుని కూర్చున్నారు. గొంతు గుసగుసగా మిగిలింది. అయినా కోపం తెలిసింది.

“డాక్టర్ గదే అంటుండు, మీరు సుత గదే రాస్తరా?”

ఆయన భార్య జైనబ్ భాభీ చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను ఆమెకు నచ్చజెప్పబోయాను.

“ఇంట్ల ఉంటె గోడ దిక్కు మొఖం పెట్టుకొని పంటడు సార్. షూటింగ్ అంటె పొద్దుగాల్నే లేసి గడ్డం గీసుకుంటడు. గా ఒక్కటి గుంజుకోకుండ్రి,” అంది.

అటు ఛానల్ వద్దంటోంది, ఇటు ఆయన వద్దంటున్నారు. ఛానల్‌కు కావలసింది వేరు, ఆయనకు కావలసింది వేరు. కానీ ఇద్దరూ ఆ మంచాన్నే పట్టుకున్నారు. నా మాట ఎక్కడా చెల్లలేదు.

పెళ్ళి వారం కోసం ఈపీ ఒక మెరుపు అడిగాడు. తాత కళ్ళు తెరిచి పెళ్ళికూతురిని చూడాలి. ఖాజా సాబ్ భాభీ భుజం పట్టుకుని కారు దిగారు. మొదటి టేక్ ఓకే అని డైరెక్టర్ అన్నా, చెయ్యెత్తి ఇంకొకటి కావాలని సైగ చేశారు. రెండోసారి ఆయన నెమ్మదిగా కళ్ళు తెరిచి, ఆ అమ్మాయిని గుర్తుపట్టి, పెదవులు కదిపారు. నా అనుభవంలో అంత మంచి షాట్ తక్కువ. కెమెరా మానిటర్ వెనక కూర్చుని ఏడ్చాను. ఆయన మాత్రం ఆరోజు సంతోషంగా ఉన్నారు.

మరుసటి వారం ఆసుపత్రిలో పోయారు.

ఖననం నాడు షూటింగ్ ఆపాం. ప్రసారం ఆగదు కదా, బ్యాంక్ ఉంది. కళ్ళు తెరిచే ఎపిసోడ్ ఆ మర్నాటిదే. ఆపమని ఈపీని బతిమాలాను. ప్రోమో వెళ్ళిపోయిందని, పైవాళ్ళు ఒప్పుకోలేదని చెప్పాడు. ఈసారి వాడి గొంతూ బాగాలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో, ముందుగదిలో మగవాళ్ళతో కూర్చున్నాను. లోపలి గదికి అడ్డంగా పరదా. పక్కింట్లోంచి మా సీరియల్ పాట వినిపించింది. ఎవరో విసుక్కుంటూ, కట్టేయమని చెప్పడానికి లేచారు. పరదా అవతల నుంచి భాభీ వద్దంది. తమ టీవీ కూడా పెట్టమంది.

నాకు బొమ్మ కనబడలేదు, వినబడింది. మానిటర్ బీప్, సన్నాయి, పెళ్ళికూతురు ‘తాతయ్యా’ అని అరవడం. ఆ మాట రాసింది నేనే. లోపల ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. ప్రకటనలు మొదలయ్యాక పరదా దగ్గరికి వచ్చి భాభీ నన్ను అడిగింది.

“ఇంకెన్ని దినాలుంటడు సార్?”

బ్యాంక్‌లో ఆయన షాట్ల లెక్క నాకు తెలుసు. శుక్రవారం దాకా అని చెప్పాను. ఆమె సరే అంది.

శనివారం ఎపిసోడ్‌కు దండ వేసిన ఫోటో కావాలని ఛానల్ అడిగింది. వేశాం. ఆయన వద్దన్నది అదొక్కటే.

ఆ తర్వాత కూడా చాలాకాలం సీరియళ్ళు తీశాను. జబ్బుపడిన ఆర్టిస్టు పాత్రను మంచం ఎక్కించకూడదు, ఊరికి పంపాలి. ఇది నేను నేర్చుకున్నది. కాశీకి వెళ్ళాడని ఒక్క డైలాగు చాలు. కాశీలో ఉన్నవాడి క్లోజప్ ఏ ఛానలూ అడగదు. కోలుకుంటే రైలు దిగి ఇంటికి వస్తాడు. కోలుకోకపోతే వాళ్ళ ఇంటివాళ్ళు ఒకసారి ఏడిస్తే సరిపోతుంది.