బిడ్డ ఊరు మరిచిన బాక్సర్

నిజాం రాజ్యం పోయి పదేండ్లయిన ముచ్చట. ఆర్మూర్ బస్టాండుల నా పక్కన ఒక చప్పిడి ముక్కు ముసలాయన కూసున్నడు. నిజాం పల్టన్ల బాక్సింగ్ ఆడిండట.

"చెల్లె, మా జమానల దునియా గెలిచిన బాక్సరు, గిప్పుడు గెలిచినోడు బరిల దిగితె ఎవలు నెగ్గుతరు?" అని రెండు పిడికిళ్లు లేపి కొట్లాడిపిచ్చిండు. ఎడమ పిడికిలి పాతాయన, ఎన్నడో సచ్చిపోయిండట. ఆయననే గెలిపిచ్చిండు.

"సచ్చినోన్ని లేపి కొట్లాడిపిస్తున్నవు, నీ బస్సు పోతది. ఎటు పోవాలె అన్నా?" అన్న.

పిడికిళ్లు కిందికి దిగినయి. "బిడ్డ తానికి. దెబ్బలన్ని యాదికున్నయి గని ఊరి పేరు యాదికొస్తలేదు."

"అల్లుడు ఏం పండిస్తడు?"

"పసుపు."

మా అమ్మగారిది వేల్పూర్. పసుపంటె మా ఊరే అనుకునేదాన్ని. ఇంకో మాట అడగకుండ చెయ్యి వట్టి వేల్పూర్ బస్సు ఎక్కిచ్చిన. బస్సు పోయినంక చూస్తె అంకాపూర్, పెర్కిట్ ఊర్ల బండ్లు గూడ మార్కెట్‌కు పోతున్నయి. అన్నిట్ల పసుపు బస్తాలే.

ఆయన బిడ్డను చేరిండో లేదో తెల్వదు. గప్పటి సంది ఎవలన్న తొవ్వ అడిగితె, తెలిసినా సరే, ఇంకొకలను గూడ అడుగుమంట.