మీటరు కింద బొట్టు

సింగపూర్‌లో చలికాలం లేదంటారు. నిజమే, దాని బదులు వాన ఉంది. దీపావళి ముందు పట్టుకుంటే ఏడాది మారాక గానీ వదలదు. జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు కింద మోటారుసైకిళ్లు పెట్టుకునే చోటు ఆరుబయటే. పైన ఒక పెద్ద చెట్టు ఉంది గానీ దానివల్ల నీడ కంటే గోరింకల రెట్టలే ఎక్కువ. నా బండి ఏళ్ల తరబడి ఆ చెట్టు కిందే ఉంటోంది.

నా బండి అనడం అలవాటు గానీ అది ఇద్దరిదీ. పొద్దున నా భార్యను ట్రైన్ స్టేషన్ దగ్గర దింపి నేను వన్-నార్త్‌లో ఆఫీసుకు పోయేవాణ్ణి. ఆదివారం ఆకుకూరల వంకతో క్రాంజీ తోటల వైపు తిరిగేవాళ్లం. కొత్తలో ఆమె కాకినాడలో లాగే ఒక పక్కకు కూర్చుంటే దారిన పోయే పెద్దాయనెవరో కేకలేశాడు. అలా కూర్చోవడం ఇక్కడ తప్పట. ఆ రోజు నుంచి రెండు వైపులా కాళ్లు వేసి కూర్చునేది, ఆ పెద్దాయన్ని తిట్టుకుంటూ.

ఒకసారి పెట్రోలు పోయించుకున్నాక ఆమె ఎక్కిందనుకుని బయలుదేరిపోయాను. సిగ్నల్ దాకా ఆఫీసు సంగతులన్నీ చెప్పుకుంటూ పోయాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. శ్రద్ధగా వింటోందని సంతోషించాను కూడా. వెనక్కి వెళ్లేసరికి బంకు దగ్గర హెల్మెట్ పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కడిదాకా ఎవరితో మాట్లాడారండీ?" అంది.

ఆ తర్వాత మా ఇద్దరికీ ఒక పద్ధతి ఏర్పడింది. ఎక్కి, సర్దుకుని, నా భుజం మీద రెండుసార్లు తట్టేది. తట్టనిదే నేను క్లచ్ వదిలేవాణ్ణి కాదు.

దసరాకు బండి పూజ ఆ కార్‌పార్కులోనే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించమంటే నాకు సిగ్గుగా ఉండేది. "తొక్కించండి, చూసేవాళ్లు చూస్తారు. తమ బండికి లేదే అని ఏడుస్తారు," అనేది. నేను తొక్కించాక నలిగిన ముక్కలన్నీ గింజతో సహా ఏరి సంచిలో వేసేది. ఇక్కడ దేవుడికీ జరిమానా వేస్తారని ఆమె నమ్మకం. బొట్టు మాత్రం మీటరు కింద, వాన సూటిగా తగలని చోట పెట్టేది. నిలవాలని పసుపులోనూ కుంకుమలోనూ కాస్త కొబ్బరినూనె కలిపేది.

దసరాకు బొట్టు పెట్టిన మనిషి దీపావళికి లేదు. తన ఆఫీసు నుంచి తలనొప్పిగా ఉందని ఫోన్ చేసింది. ఆసుపత్రి నుంచి మళ్లీ ఇంటికి రాలేదు. అంతకు మించి ఆ సంగతి రాయడం నా వల్ల కాదు.

దహనం ఇక్కడే జరిగింది. అస్థికలు గోదావరిలో కలపడానికి వెళ్లాలి. ఆఫీసువాళ్లు పెద్ద సెలవే ఇచ్చారు. ప్రయాణానికి ముందు నాకు ఇంటి గురించి దిగులు లేదు, బండి గురించే. ఫ్లాట్ నిండా ఆమె చీరలు, డబ్బాలు, మందులు ఉన్నాయి. అవన్నీ కొన్నవి. ఆ బొట్టు మాత్రం ఆమె వేలితో పెట్టింది. వంగి చూస్తే పసుపులో వేలి గీతలు కనిపించేవి. దాన్ని వాన తీసుకుపోకూడదు. ఆ రోజుల్లో నాకు ఉన్న పట్టుదల అదొక్కటే.

కెనడాలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాను. ప్రతి చలికాలం మంచు కురిసే నెలలన్నీ వాడు బండిని కదపకుండా దాచిపెడతాడు. వాడు చెప్పినట్టే ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టాను. సైలెన్సర్‌లో గుడ్డ కుక్కాను. కప్పడానికి గుడ్డ కవరు మంచిదని వాడన్నాడు గానీ ఇక్కడి వానకు గుడ్డ ఏం ఆగుతుంది అనుకున్నాను.

టార్పాలిన్ మా కింది ఫ్లోర్‌లో ఉండే అంకుల్ ఇచ్చాడు. ఆయన మలేషియాలో పుట్టిన తెలుగువాడు. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి రబ్బరు తోటలకు వెళ్లిన కుటుంబం. భార్య పోయి చాలా ఏళ్లయింది, ఒక్కడే ఉంటాడు.

"గట్టిగా కట్టు తమ్ముడూ. ఈ హుజాన్‌లో గాలి కొడితే ఎగిరిపోద్ది లా," అన్నాడు, ఆకాశం వైపు చూపిస్తూ. వానను ఆయన మలయ్‌లో హుజాన్ అంటాడు, మాట చివర ఇక్కడివాళ్లలా 'లా' తగిలిస్తాడు.

ఆయన తాళ్లు కట్టాడు. నేను అడుగున చుట్టూ టేపు వేశాను, ఒక చుట్టు చాలక ఇంకో చుట్టు.

"చీమ కూడా దూరదు అంకుల్," అన్నాను.

"దూరదు లా," అన్నాడాయన, తృప్తిగా.

నేను తిరిగొచ్చేసరికి వానలు వెనకబట్టాయి. ఎండ కాస్తోంది. పెట్టె గుమ్మంలో వదిలేసి కిందికి దిగాను. అంకుల్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి కత్తెర తెచ్చాడు. టేపు కోయగానే తడిబట్టలు మూటగట్టి మరిచిపోతే వచ్చే వాసన కొట్టింది. టార్పాలిన్ లోపలి వైపంతా నీటి బొట్లు. సీటు మీద తెల్లటి బూజు. చైను మట్టి రంగుకు తిరిగింది.

మీటరు కింద బొట్టు లేదు. అక్కడి నుంచి ఎర్రటి చార ఒకటి ట్యాంకు మీదికి జారి, ఎప్పుడో పెయింటు గీసుకుపోయిన చోట ఆగి, తుప్పులో కలిసిపోయింది. పైనుంచి ఒక్క వాన చుక్క పడలేదు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక అంత పనీ చేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అదే జరిగింది.

నాకు పట్టరాని కోపం వచ్చింది.

"అంతా మీ టార్పాలిన్ వల్లే!" అన్నాను.

"టేపు సుట్టింది నువ్వే కదా లా," అన్నాడు అంకుల్. ఆ ఎర్రటి చార చూశాక కత్తెర బెంచీ మీద పెట్టేశాడు. దసరా నాడు ఆమె ఆయనకూ ప్రసాదం ఇచ్చింది. నేను సీటు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ బూజు వాసనలోనే, పట్టపగలు, అందరూ చూస్తుండగా ఏడ్చాను. గోదావరి ఒడ్డున కూడా అంత ఏడవలేదు.

కాసేపటికి అంకుల్ అన్నాడు: "మా ఇంటామె పోయినప్పుడు ఆవిడ సెప్పులు డబ్బాలో ఎట్టి దాసినాను. ఎలకలు కొట్టేసినాయి."

అలా వదిలేస్తే తుప్పు ట్యాంకును తినేస్తుంది. తుడవక తప్పదు. అంకుల్ గుడ్డ తీసుకుని వంగబోతే ఆయన చేతిలోంచి లాక్కున్నాను. ట్యాంకు మీది నుంచి మొదలుపెట్టి మీటరు దాకా నేనే తుడిచాను. తుడిచాక అక్కడ నల్లటి ప్లాస్టిక్ మిగిలింది.

చైనుకు నూనె పట్టించాం. బ్యాటరీ పెట్టి, సైలెన్సర్‌లోంచి గుడ్డ లాగి మీట నొక్కితే దగ్గి దగ్గి ఇంజను అందుకుంది. అంకుల్ చప్పట్లు కొట్టాడు. హెల్మెట్ పెట్టుకుని ఎక్కి గేరు వేశాను. క్లచ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"ఏటైంది తమ్ముడూ? బండి బాగానే ఉంది కదా," అన్నాడు అంకుల్.

బండికి ఏమీ కాలేదు. భుజం మీద తడుతుందని ఆగాను. ఆ సంగతి నాకే అప్పుడు తెలిసింది. ఆయనతో ఏమీ లేదని చెప్పి క్లచ్ వదిలాను. సిగ్నల్ దాకా ఆమెతో మాట్లాడుకుంటూ వెళ్లాను. బొట్టు పోయిన సంగతే ముందు చెప్పాను.