అన్నిటికీ ‘బాగుంది’

మెసయీద్ నుంచి దోహా వెళ్ళే బస్సులో పక్కసీటు పెద్దమనిషికి గొప్పలు చెప్పాను. ఇంట్లో పులియబెట్టే అల్లం బీరుకి నేనే కంప్యూటర్ ప్రోగ్రాం రాశాననీ, తేదీ, చక్కెర, ఈస్టు, రుచి అన్నీ అందులో ఉంటాయనీ అన్నాను.

"మంచిగున్నది సార్. ఖరాబైతే ఏడ రాస్తరు?" అన్నాడు, నిజామాబాద్ యాసలో.

"ఖరాబవదు."

"డ్యూటీకి పోయెటప్పుడు ఏసీ బంద్ చేస్తరా?"

"చేస్తాను."

"మరి ఈ ఎండలకు సీసాలు పగుల్తలేవా?"

ఒళ్ళు మండింది. దిగేదాకా కిటికీలోంచే చూశాను.

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పదకొండుసార్లు చేస్తే పదకొండుసార్లూ సీసాలు పగిలాయి, ఎందుకో అంతుపట్టలేదు. రుచి గడిలో ‘బాగుంది’ అన్న మాట ప్రోగ్రాం దానంతటదే వేసుకునేలా నేనే రాశాను.

ఆ సాయంత్రం ఆ పదకొండు ‘బాగుంది’లూ చెరిపి ‘పగిలింది’ అని కొట్టాను. పక్కన ‘గది వేడి’ అని కొత్త గడి చేర్చాను. పన్నెండోదానికి రుచి గడి ఖాళీగా వదిలి, ఏసీ ఆపకుండా డ్యూటీకి వెళ్ళాను.