పడవల సత్రం కోడలు

పోయిన ఆదివారం మా పేట సంఘం సమావేశంలో, ఇక నావల్ల కాదండీ, కార్యదర్శి పని మరెవరైనా తీసుకోండి అని నేను అనగానే, అప్పటిదాకా వరండాకి ఏ రంగు వేయించాలన్న దాని మీద గొంతులు చించుకుంటున్నవాళ్ళంతా ఒక్కసారిగా చల్లబడిపోయి టీ గ్లాసుల్లోకి చూడడం మొదలెట్టారు. ఒకాయన మాత్రం మెల్లగా, "మీరు లేకపోతే ఎలాగండీ?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. మా మామగారి కర్మకాండలు ముగిసిన మర్నాడు మా ఇంటికొచ్చిన పెద్దలు కూడా, ఆయన చేసిన ఈ పని నాకు అప్పగిస్తూ, సరిగ్గా ఆ మాటే అన్నారు. కొద్ది రోజులేనమ్మా, మనిషి దొరికేదాకా, అని కూడా కలిపారు. ఆ మనిషి ఇప్పటికీ దొరకలేదు.

ఏలూరు కాలువ మీద పడవలు జోరుగా నడిచిన రోజులు మన తరం చూసింది తక్కువ, పెద్దవాళ్ళు చెప్పగా విన్నదే ఎక్కువ. బెజవాడ వైపు నుంచి వచ్చే పడవ ప్రయాణికులు తలదాచుకోవడానికి ఎవరో పుణ్యాత్ములు ఏలూరులో మా పేటలో ఒక సత్రం కట్టించారు. ముందు టేకు స్తంభాల వరండా, వెనక వరసగా గదులు, పైన దూలాల మీద సున్నం డాబా. రైళ్ళూ బస్సులూ వచ్చి పడవలు పోయాక అది పాడుబడి, గోడల్లో రావి మొక్కలు మొలిచాయి. మా మామగారు ఉద్యోగ విరమణ చేశాక పేటలో పదిమందినీ కూడగట్టి ఒక సంఘం పెట్టి, దాన్ని బాగుచేయించి, గదుల్ని ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి నామమాత్రపు అద్దెకి ఇచ్చారు. ఖాళీగా ఉంచితే ఏ కట్టడమూ బతకదమ్మా, లోపల పొయ్యి వెలగాలి, అనేవారాయన. ఒక్క పనితో అటు పాత కట్టడమూ నిలుస్తుంది, ఇటు మనుషులకీ నీడ దొరుకుతుందని ఆయన నమ్మకం. ఆ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకునే రోజొకటి వస్తుందని ఆయన అనుకోలేదు, వచ్చేసరికి ఆయన లేరు, ఆ రెంటి మధ్యా నేనున్నాను.

అప్పటికే మావారికి తాడేపల్లిగూడెం బదిలీ అయింది. అమ్మాయిని అక్కడే బడిలో వేశాం, అక్కడే అద్దెకి ఇల్లు తీసుకున్నాం, నేను మాత్రం సగం సామాను అక్కడా సగం ఇక్కడా పెట్టుకుని పాసింజరు రైల్లో అటూ ఇటూ తిరుగుతుండేదాన్ని. గూడెంలో పప్పు పొయ్యి మీద ఉండగా సత్రంలో కుళాయి రావడం లేదని ఫోను వచ్చేది. సంఘం అధ్యక్షులు, మా మామగారి ప్రాణస్నేహితులు, రిటైరైన హెడ్మాస్టరుగారు. చరిత్ర అంటే ఆయనకి ప్రాణం. స్తంభాలకి మేకు కొట్టకూడదు, దూలానికి ఉయ్యాల కట్టకూడదు అనేవారు. పసిపిల్లని ఎక్కడ పడుకోబెట్టుకోమంటారండీ అని తల్లులు నా దగ్గరికి వచ్చేవారు. ఇద్దరికీ తలూపి, గబగబా స్టేషనుకి పరిగెత్తేదాన్ని.

ఒక వానాకాలం, ముసురు పట్టి వదలకుండా ఉన్న రోజుల్లో, వెనక వరసలో ఒక గది డాబా కూలింది. ఆ గదిలో ఉండే ముసలావిడ అదృష్టం కొద్దీ వరండాలో కూర్చుని చేపలు తోముకుంటోంది. ఆవిడది మండవల్లి అవతల కొల్లేటి లంకల్లో ఒక ఊరు. వరద నీళ్ళు ఇంట్లోకొస్తే కొడుకు కుటుంబంతో సహా బయటికొచ్చేసి, మళ్ళీ వెళ్ళలేక ఏలూరులో ఉండిపోయిన మనిషి. గూడెం కాలేజీలో ఇంజనీరింగు పాఠాలు చెప్పే మా ఆడపడుచు కొడుకుని పిలిపించి చూపించాను. దూలాలన్నీ చెదపట్టాయత్తయ్యా, ముందు వరండా నిలబెట్టొచ్చు గానీ వెనక వరస తీసేసి కొత్తగా కట్టాల్సిందే, ముందు అందర్నీ ఖాళీ చేయించండి, అన్నాడు.

ఆ సంగతి వెళ్ళి చెబితే హెడ్మాస్టరుగారు కుర్చీలోంచి విసురుగా లేచారు. "మీ మామగారు బతికుంటే ఈ మాట అననిచ్చేవారా అమ్మా?" అన్నారు. ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. అక్కడినుంచి సత్రానికెళ్ళి ఖాళీ చెయ్యాలని చెబితే, ముసలావిడ తడిసిన చాప దులుపుకుంటూ నావైపు చూసింది.

"కోడలమ్మగారూ, ఓసారి ఇల్లొదిలొచ్చానండి. నీళ్ళు తియ్యగానే ఎల్దురుగానిలే అన్నారు. ఎవరూ ఎల్లనియ్యలేదు. ఇప్పుడు మీరూ అదే అంటన్నారు. నేను కదలనండి."

ఆవిడ కదలనంటే ఎవరూ కదల్లేదు. వాన ఆగలేదు. నేను గూడెం వెళ్ళి మావారికి చెబితే, "వదిలేసి వచ్చెయ్యి. నువ్వేమైనా రాసిచ్చావా వాళ్ళకి?" అన్నారు. న్యాయమే. కానీ ఆ పూట అన్నం సయించలేదు. మిగిలిన దూలాలు ఎవరి మీద పడతాయో అన్న ఆలోచనే.

మర్నాడు వెనక్కి వచ్చి, సత్రం కట్టేదాకా మా ఇంట్లో ఉండండి అన్నాను. అందరూ ముసలావిడ వైపే చూశారు. ఆవిడ, "మీరూ మాతోపాటు ఉంటానంటే వస్తామండి. మీరు గూడెం ఎల్లిపోతే మమ్మల్ని ఎనక్కి పంపేదెవరు?" అంది. ఉంటానన్నాను. ఆ ఒక్కమాటతో నాకు గూడెం తలుపు మూసుకుంది.

చేప ఎరగని మా ఇంట్లో మొదట పెరట్లో రేకుల కింద వాళ్ళ వంటలు సాగాయి. వానజల్లుకి పొయ్యిలు ఆరిపోతుంటే చూడలేక వంటింట్లోకి రమ్మన్నాను. మా అత్తగారి దేవుడి మందిరానికి అడ్డంగా ఒక తెర కట్టి, ఆవిడ ఏమనుకునేవారో అని దణ్ణం పెట్టుకున్నాను. వరండాలో పిల్లలు, మేడమెట్ల మీద పెద్దవాళ్ళు, స్నానాల గది దగ్గర వరస. నా ఇంట్లో నాకు తలుపేసుకుని కూర్చునే మూల లేదు. ఆరుబయట నిలబడి ఫోను చేస్తే అవతల మా అమ్మాయి పొడిపొడిగా మాట్లాడేది. అది టెన్తు చదివిన ఏడాదంతా దాని జడ వేసింది మావారే. ఆయన కోపం తెచ్చుకుని కొన్నాళ్ళు ఏలూరు రావడమే మానేశారు.

అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా పని పూర్తయింది. ముందు వరండా అలాగే నిలిచింది, వెనక మామూలు స్లాబు గదులు లేచాయి. హెడ్మాస్టరుగారు గృహప్రవేశానికి రాలేదు. కొన్నాళ్ళకి ఒక ఉదయం వచ్చి, టేకు స్తంభం మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, వెనక్కి ఒక్కసారైనా చూడకుండా వెళ్ళిపోయారు. స్లాబు కింద కుంపట్లో ఉన్నట్టుందని అద్దెకున్నవాళ్ళు సణిగారు. ముసలావిడ మాత్రం తన గదిలో పాలు పొంగించి, నా చేతులు పట్టుకుని, "ఎనక్కి పంపుతానని పంపినోళ్ళు నా ఎరికలో మీరొక్కరేనండి" అంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సంతోషమనుకున్నారంతా. నన్ను ఎవరు వెనక్కి పంపుతారు అని ఆ నిమిషాన నాకనిపించిందని ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ పోయింది, హెడ్మాస్టరుగారూ పోయారు. మావారు రిటైరై, కోపం కూడా రిటైరై, ఏలూరు చేరారు. అప్పట్లో సత్రం వరండాలో ఒకరి కూర ఇంకొకరి కంచంలోకి వెళ్ళేది, పోట్లాటలు కూడా అందరి ముందే జరిగేవి. ఇప్పుడు ఎవరి గది తలుపు వాళ్ళు వేసుకుని, కుళాయి పాడైతే ఫోనులో మెసేజి పెడుతున్నారు. సెలవుల్లో కుర్రాళ్ళు వచ్చి స్తంభాల పక్కన ఫోటోలు తీసుకుంటారు.

మా అమ్మాయి గూడెంలోనే సంసారం చేసుకుంటోంది. నేను వెళితే ఉతికిన దుప్పటి తీసి పరుస్తుంది, కాఫీలో పంచదార ఎంత వెయ్యమంటావని అడుగుతుంది. తిరిగి రైలెక్కించడానికి వచ్చి, "మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?" అంటుంది. ఆ రోజుల్లో గూడెం రైలెక్కితే ఇంటికి వెళ్తున్నానని ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు అదే ప్లాట్‌ఫారం మీద కన్నకూతురికి చుట్టంలా చెయ్యి ఊపి, కిటికీ పక్క సీటు వెతుక్కుంటున్నాను.