పుట్టింటికి వెళ్లిందని చెప్పాను

పెళ్లి కానివాళ్లకు గాజువాకలో ఇల్లు దొరకడం కష్టం. అందుకే నేనూ, నేను ప్రేమించిన అమ్మాయీ ఆలుమగలమని చెప్పి, ఒక పెద్దావిడ మేడ మీద వాటాలో దిగాం. తను నల్లపూసలు కూడా వేసుకుంది. నేను ఆటోనగర్‌లో ఒక షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ని. ఏడాదిన్నరైనా మా ఇంట్లో తన మాట ఎత్తే ధైర్యం నాకు రాలేదు. విసిగిపోయి ఒకరోజు బట్టలు సర్దుకుని వెళ్లిపోయింది. తప్పు నాదే.

మర్నాడు ఇంటావిడ మెట్ల దగ్గర ఆపింది. "ఏటి బాబూ, అమ్మాయి కనబడ్డంలేదేటి?"

నిజం చెబితే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే తను తిరిగి రావడానికి చోటు కూడా ఉండదని నాకో పిచ్చి భయం. "పుట్టింటికి వెళ్లిందండీ" అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "నాను అనుకుంతనే ఉన్నాను. ఎన్నో నెల?"

కాదనడానికి నోరు రాలేదు. "ఐదు" అనడానికి మాత్రం వచ్చింది, సిగ్గులేని నోరు.

ఏడో నెలని లెక్కేసుకుని ఆవిడ చలిమిడి చేసింది. డబ్బా, డజను గాజులు నా చేతిలో పెట్టింది. "ఎల్లి నీ సేత్తో తినిపించు బాబూ. కడుపు సల్లగుంటాది." దగ్గరుండి బస్సెక్కించింది. ఆనందపురంలో దిగి, బస్టాపులో కూర్చుని ఆ చలిమిడంతా నేనే తిన్నాను. రుచిగా ఉంది. అది తలచుకుంటే ఈనాటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. గాజులు బెంచీ మీద వదిలేశాను. సాయంత్రం ఆవిడ అడిగితే "ఇష్టంగా తిందండీ" అన్నాను.

నెలలు నిండేసరికి దారులన్నీ మూసుకుపోయాయి. ఆవిడ వాకిట్లో చేపలు బాగుచేస్తుంటే ఎదురుగా చతికిలబడి అంతా చెప్పేశాను. పెళ్లి కాలేదని, బిడ్డ లేదని, తను నన్ను వదిలేసిందని. తిడుతుందనుకున్నాను, సామాను వీధిలో పడేస్తుందనుకున్నాను. ఆవిడ చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది.

"పురుడు సుకంగా అయితే తలనీలాలిత్తానని సింహాద్రి అప్పన్నకి మొక్కీసినాను బాబూ."

"ఇప్పుడా మొక్కెందుకండీ?" అన్నాను.

"ఆ పిల్ల పేర్న మొక్కినాను. పిల్లయితే ఉంది కదా."

ఆ శనివారం సింహాచలం వెళ్లి గుండుతో వచ్చింది. ఇల్లు ఖాళీ చెయ్యమని మాత్రం ఒక్కసారీ అనలేదు. నేనే నెల తిరక్కుండా ఖాళీ చేశాను. రోజూ పొద్దున్నే ఆ తల చూస్తూ మెట్లు దిగడం నా వల్ల కాలేదు.