రేడియోకు అందని మా యాదమ్మ హరికథ

పోచంపల్లి నుంచి కొత్తకోటకు నన్ను కదిలించింది ఒక నవ్వు. మా పంచాయతీ ఆఫీసు రేడియోలో నా బిడ్డ యాదమ్మ హరికథ వచ్చింది. ఏదో ఊరి పందిట్లో చెబుతుంటే రికార్డు చేసుకుపోయారట. ఆ పెట్టెలోంచి నా బిడ్డ గొంతు వస్తుంటే నా సంతోషం ఏమని చెప్పను? అయితే రాజు తన కూతురిని అత్తారింటికి సాగనంపే చోట పాట ఆగింది. జనం గొల్లున నవ్వారు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. పక్కనున్న మల్లయ్య, "ఏడిపియ్యాల్సినకాడ నవ్విచ్చింది గదనే మీ యాదమ్మ. పాట మర్చిపోయినట్టున్నది," అన్నాడు. మగ్గం మీద కూర్చున్నా ఆ మాట నన్ను వదల్లేదు. శ్రీరామనవమికి కొత్తకోటలో అదే కథ చెబుతుందని జాబు రాగానే బయలుదేరాను.

పొద్దున ఆరింటి బస్సుకు హైదరాబాదు రెండు గంటల దారి. అక్కడ ఎనిమిదిన్నరకు కర్నూలు వెళ్ళే బస్సు దొరికింది. రెండు టికెట్లూ కలిపి ఐదు రూపాయల లోపే.

"తాతా, ఆ మూట ఒళ్లె ఎందుకు, మీద ఎయ్యి," అన్నాడు కండక్టరు.

"అండ్ల నా బిడ్డకు నేసిన చీర ఉన్నది."

"అట్లయితే నీ ఒళ్లెనే ఉండనీ."

జడ్చర్లలో బస్సు అరగంట ఆగింది. హోటలాయన పూరీలు వేస్తూ, "హరికథకా? రేడియోల వస్తది గదా, గింత ఎండల పోవుడెందుకు?" అన్నాడు.

"రేడియోల ఇన్నందుకే పోతున్న," అన్నాను.

రెండున్నరకు కొత్తకోటలో దిగాను. పందిరి నడక దూరమే. యాదమ్మకు ఆమె మామగారే గురువు, ఆయన హార్మోనియం ముందు కూర్చున్నారు. నాలుగింటికి కథ మొదలైంది. కాళ్ళకు గజ్జెలతో నా బిడ్డ పందిరంతా తానే అయి తిరుగుతుంటే రెండు కళ్ళూ చాలలేదు. ఇంతలో ఆ సాగనంపే చోటు రానే వచ్చింది. పాట ఆగింది.

యాదమ్మ చిడతలు నడుమున దోపుకుంది. లేని బండి వెనక్కి నడిచి, లేని తాడును విప్పి, మళ్ళీ కట్టి, లాగి చూసింది. కూతురి ముఖం చూడలేక మళ్ళీ విప్పింది. రాజుకు బండి తాడుతో ఏం పని అని జనం నవ్వారు. మూడోసారి విప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగి చూస్తే ఆడవాళ్ళు కొంగులతో, మగవాళ్ళు తువ్వాళ్ళతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. ఎవరి నోటా చప్పుడు లేదు.

ఆమె పెండ్లినాడు సాగనంపే బండి వెనక పెట్టెకు కట్టిన తాడును నేను అట్లాగే విప్పి కట్టాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

కథ అయ్యాక నన్ను చూసి పరుగున వచ్చింది. "బాపూ, ఎప్పుడొచ్చినవ్? తిన్నవా?"

"అది కాదుగని, తాడు సంగతి నీకెట్ల తెలుసే?"

"మూడుసార్లు ఇప్పి కట్టినవ్ బాపూ. బండిల కూసోని లెక్కవెట్టిన."

రేడియోను నేను తప్పుపట్టను. పోచంపల్లికి నా బిడ్డ గొంతును తెచ్చింది అదే. కానీ నవ్వు దానికి వినబడుతుంది, కళ్ళు తుడుచుకోవడం వినబడదు. వచ్చే నవమికి మల్లయ్యను నా ఖర్చుతోనే తీసుకొస్తాను. మీరూ వచ్చేటట్టయితే పొద్దున బస్సులో కుడివైపు కిటికీ పట్టండి, ఎండ తగలదు. పందిట్లో మాత్రం ఏ వైపైనా సరే, ముందుకు పోయి కూర్చోండి. ఆమె చేతులు కనబడాలి.